ఇరవై ఏడున్నర మిల్లీమీటర్ల ఖాళీ

శనివారం. త్బిలిసిలో ఎండిన వంతెన మీద
దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు అమ్మేవాళ్లు.
వెండి చెంచాలు, ఎవరో గెలుచుకున్న పతకాలు,
ఒంటరి పియానో పెడలు ఒకటి.
ఆ చివర, చెట్టు నీడ సగమే పడే చోట, ఝుంబేర్.
అతని దుప్పటి నిండా కళ్లు.
మూతలు తీసి ఆకాశానికి తిప్పిన గాజు కళ్లు.
ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న మబ్బు.

"అద్దం లేని కెమెరానా?" అన్నాడు నా చేతిలోది చూసి.
"అద్దమే లేకపోతే మొహం ఎలా తెలుస్తుంది దానికి?"
ఈ మాట రోజుకి ఎంతమందితో అంటాడో.

నాకు కావలసింది కేతో మొహం.
ముప్ఫై ఏళ్లు రేడియోలో నాటకాలు చదివిన కేతో.
ఊరంతటికీ గొంతు తెలుసు, మొహం పాలవాడికి తెలుసు.
పోయిన వారం కొత్త లెన్సుతో తీశాను.
ప్రతి ముడతకీ హాజరు వేసింది ఆ లెన్సు,
తనిఖీకి వచ్చిన ఆడపడుచులా.
కేతో తెర మీద చూసుకుని
"ఇది ఫొటో కాదు పిల్లా, జప్తు జాబితా" అంది.

యాభై తీసుకుంటే దగ్గరికి జరగాలి,
మనిషి కన్నా ముందు ముక్కు వచ్చి పలకరిస్తుంది.
నూట ముప్ఫై అయిదైతే వీధికి అవతల నిలబడి
కాస్త నవ్వమని కేకెయ్యాలి.
యాభై ఎనిమిది అందమైనదే, కాదనను,
కానీ వెనకాల ఆకులన్నిటినీ రంగులరాట్నం ఎక్కిస్తుంది.
కేతోకి తిరిగేవి పడవు.

ఝుంబేర్ ఎనభై అయిదుని చొక్కా అంచుతో తుడిచాడు.
లోపల పదిహేను రెక్కలు,
మూసినా తెరిచినా గుండ్రమే, పిల్లి కనుపాప కాదు, మనిషిది.
"ఇది అబద్ధం చెప్పదు" అన్నాడు,
"కాకపోతే, మాట మధ్యలో ఆగుతుంది."

తర్వాత టీ డబ్బాలోంచి ఒక ఉంగరం తీశాడు.
నల్లటి లోహం, అటూ ఇటూ మరలు.
కంటికి పెట్టుకుని చూస్తే అవతల అతని కన్ను.
"గాజేదీ?"
"ఉండకూడదు.
పాత లెన్సుకి తను నిలబడే దూరం ఒకటి అలవాటు.
ఆ దూరంలోనే అద్దం పైకీ కిందికీ ఎగిరేది.
నీ కెమెరా దాన్ని పీకేసి చోటు కలుపుకుంది.
పోయిన అద్దం ఖాళీ ఎంతో
ఈ ఉంగరం అంత."

ఇరవై అయిదన్నాడు.
ఏమీ లేనిదానికా అన్నాను.
ఏమీ లేకపోవడాన్ని కొలిచి తియ్యడం
తేలికనుకున్నావా అన్నాడు.

అక్కడే బిగించి, కొండ మీది టీవీ టవరుకి గురిపెట్టాను.
తిప్పాను. చివరిదాకా తిప్పాను.
పడుకోబెట్టిన ఎనిమిది గుర్తు దగ్గర
మెడ ఆగిపోయింది, టవరు ఇంకా మసకే.
ఉంగరం వెంట్రుకవాసి మందం.
"అనంతం అందట్లేదు" అన్నాను.
ఝుంబేర్ గడ్డం గోక్కున్నాడు.
"సోమవారం తెస్తే అరగదీస్తాను.
అయినా మొహాలకి అనంతం దేనికి?"
అనంతానికి అయిదు తగ్గించాడు.

ఆ సాయంత్రమే కేతో వంటగదిలో.
కిటికీ బయట పక్కింటి దుప్పట్లు, వాటి పైన కొండ.
"ఏదైనా చదువు" అన్నాను.
కరెంటు బిల్లు చదివింది,
రాణి ఎవరికో శిక్ష వేస్తున్నట్టు.
నేను మెడ తిప్పుతున్నాను, వేలితో, మెల్లిగా,
పాత రేడియోలో ముల్లు జరిపినట్టు.
గరగర. గరగర. చెవి. జూకా.
కనురెప్ప అంచున ఎర్రచుక్కలు మిణుక్కుమన్నాయి.
స్టేషను దొరికింది.

చాలాసేపు చూసింది ఆ బొమ్మని.
ముడతలు ఉన్నాయి, ఒక్కటీ పోలేదు,
ఎవరూ లెక్కపెట్టలేదంతే.
"వెనకాల ఆ మసకేమిటి?"
"కొండ. ఈ ఉంగరంలో కాస్త తేడా ఉంది,
దూరంవి ఎప్పుడూ సరిగ్గా రావు. సోమవారం బాగు చేయిస్తాను."
"ఉండనీ" అంది కేతో, బిల్లు మడతపెడుతూ,
"కళ్లజోడు తీస్తే నాకూ అంతే."

సోమవారం వాన. మంగళవారం కూడా వెళ్లలేదు.