తరుగు

బోర్డు మీద మూడు చుక్కలు: ఏ, బీ, సీ.
ఏ దగ్గర అంతా స్థితిజం.
సీ దగ్గర, ఇంకా నేల తాకకముందు, అంతా గతిజం.
నడుమ బీ దగ్గర చెరికొంత.
మొత్తం మాత్రం మారదు.
ఏటా ఇదే రుజువు, ఎనిమిది మార్కులు.

వెనక బెంచీలో నాగుల్ మీరా.
తెల్లారుజామున మిర్చి యార్డులో టిక్కీలు దించి
చొక్కా మార్చుకోకుండానే వస్తాడు.
వాడొచ్చాక క్లాసంతా తుమ్ముతుంది.

"సార్, లారీ మీంచి టిక్కీని బల్ల మీద జారుస్తాం గదా,
లెక్కేశాను.
పైన పన్నెండొందల జౌళ్లు,
కిందికొచ్చేసరికి ఎనిమిదొందలే.
నాలుగొందలు తరుగు కోసిందెవరు?"

ఘర్షణ లేదనుకోవాలి, అన్నాను.
అనుకోవడం నాకు అలవాటే,
గుంటూరులో ఇరవై రెండేళ్లుగా అనుకుంటున్నాను.

"నూరు దించాక బల్ల కాలుద్ది సార్.
చెయ్యేస్తే తెలుసుద్ది."
అరచెయ్యి చూపించాడు.

నేనటు తిరిగి బోర్డు తుడిచాను,
కావాల్సినదానికన్నా గట్టిగా, ఎక్కువసేపు.
తుడిచినచోట వేళ్లానిస్తే
కాస్త వెచ్చగా ఉంది.

మళ్లీ ఏ, బీ, సీ పెట్టాను.
సీ పక్కన ఇంకో చుక్క, పేరు లేకుండా.
దీనికి మార్కులుండవురా, అన్నాను.

సరే సార్, అని
దాన్నీ దించుకున్నాడు.