బండా, తదల

టవర్ క్లాక్ కాడ, యూనివర్సిటీ బస్సు ఆగే తావున
మా జిరాక్సు షాపు.
పొద్దున నేను షట్టరు ఎత్తేలోపే
మెట్టు మీద కూచోనుంటాది ఆ పిల్ల,
ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు, దాని మీద ఉగ్గాని పొట్లం.

ఫారాల్లో ఇంటిపేరు ముందు: బండా.
తర్వాత: తదల.
మొదటి దినం గ్యాసు బండ అని నవ్వినారు మావోళ్లు.
"మలావీలో సగం ఊరికి ఇదే ఇంటిపేరన్నా,
మీ అనంతపురంలో యాడ తవ్వినా నేనే కదా" అనింది.
ఆ పొద్దు నుంచి నవ్వితే ఆమెతో కలిసే.

చదివింది ప్రజాసంబంధాలు.
మా అత్త అడిగింది, "ఎవురికి చూస్తాంది సంబంధం?"
నేను నోరు తెరిచేలోపే తదల చెప్పేసింది:
"కంపెనీకి జనాన్ని, జనానికి కంపెనీని, అత్తా.
నాకే యాడా కుదర్లేదు."

ట్రైనింగని నూనెమిల్లులో రెండు నెలలు చేసింది,
జీతం లేదు, టీ ఉంది.
మసి పడుతోందని కాలనీ ఆడోళ్లు రోడ్డెక్కితే
శెట్టి లోపల గడియ పెట్టుకున్నాడు.
ఈమె పోయి ఇంటింటి ముందరా నిలబడింది.
"మా ఊర్లో కూడా బుడ్డలే పండిస్తాం, మ్తెద్జా అంటాం,
ఈ మసి మా అమ్మ చీటిగుడ్డల మీద చూసినా."
పొగగొట్టానికి జల్లెడ ఎప్పుడు వేస్తారో
శెట్టి చేతనే తారీకు రాయించి గోడకు అంటించింది.
పేపర్లో నాలుగు లైన్లు పడినాయి. ఆమె పేరు లేదు.
"లేకపోతేనే మా పని అయినట్టు."

ఉద్యోగమిచ్చేవాళ్లు వీసా ఏదంటారు.
వీసా ఇచ్చేవాళ్లు ఉద్యోగమేదంటారు.
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు,
పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.
ఈ సామెత విప్పి చెప్పడానికి నాకు అరగంట పట్టింది,
ఆమె నవ్వు ఆగడానికి ఇంకో అరగంట.
పైగా పరదేశి జీతం ఇంతకు తగ్గకూడదంట.
ఆ ఇంత మా సందులో ఎవరికీ లేదు,
బిరియానీ హోటలు ఓనరుతో సహా.

బెంగుళూరు కంపెనీ ఒకటి మూడు రౌండ్లు మెచ్చుకునింది.
నాలుగోసారి ఫోను నిమిషంలో అయిపోయింది.

ప్రతి ఫారం చివర్లో ఒక ప్రశ్న, రెండు గళ్లు.
స్పాన్సరు కావాలా? అవును. కాదు.
నా మౌసు కాదు మీద ఆగింది ఒకసారి.
"వద్దన్నా," అనింది,
"అబద్ధం మొదటి ప్రెస్ మీట్ దాటుతాది.
రెండోదానికి మనకంటే ముందొచ్చి కుర్చీలో కూచుంటాది."
అవును నొక్కినా.
చక్రం తిరిగింది, థాంక్యూ అని వచ్చింది.
అట్లాంటి థాంక్యూలు నలభై ఒకటి
నా ప్రింటర్లోనే పుట్టినాయి.

నా మిషన్ పాతది.
ఆమె పాస్‌పోర్టు పెడితే ఫొటో ఉండాల్సిన తావున
ఒక నల్ల చదరం వచ్చేది, కండ్లు కూడా లేకుండా.
అట్ల పంపడానికి నాకు మనసు ఒప్పలా.
వెలుతురు మీట రెండుకు జరిపితే చెవిపోగు,
నాలుగుకు పెదవి,
ఆరుకు మొహం బాగానే ఉంటాది, నంబరు చెరిగిపోతాది.
ఐదుకూ ఆరుకూ నడుమ, గీత లేని చోట,
ఇద్దరూ ఉంటారు: నంబరూ, తదలా.
అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నా.

ఇంగ ముప్పైయెనిమిది దినాలుంది గడువు.
ఎస్పీ ఆఫీసుకు మళ్లా పోవల్ల.
చెడిపోయిన కాపీల వెనక మా పాప ఎక్కాలు రాస్తాంది.

నిన్న పోతా పోతా నా బోర్డు కింద
చాక్‌పీసుతో ఏందో రాసింది, ఒక ఒత్తు తప్పు:
ఇక్కడ మీ మొకం మీ మొకం లాగానే వస్తాది.
ఈ పొద్దు ముగ్గురు అది చదివి లోపలికొచ్చినారు.
యాభై రూపాయలు ఇయ్యబోతే చెయ్యి వెనక్కి తీసుకునింది.
"పనికి డబ్బు తీసుకునే పర్మిషన్ లేదన్నా."

మిరపకాయ బజ్జీ మాత్రం తీసుకునింది.