కోత పడేదాకా

రాత్రి వానకి రేవు బల్లలు ఇంకా నానుతున్నాయి.
ఆస్ట్రిడ్ క్వామే పడవ దిగి
బకెట్ నా చేతికిచ్చింది. "ఆరు దొరికాయి."
గుల్ల లేని సముద్రపు నత్తలు,
నారింజ రంగు, అరచేతి పొడవు,
చలికి సగం నిద్రలో.

తొట్టిలో ఒక్కొక్కదాని మీదా
నాలుగు చుక్కల చిక్కటి ఉప్పునీరు వదిలాం,
వేటాడే నక్షత్రచేప తాకినట్టు.
వెన్ను విల్లయింది, పొట్ట విల్లయింది,
మళ్ళీ వెన్ను, మళ్ళీ పొట్ట,
ఐదు వంపులు, దానికీ ఐదు, దీనికీ ఐదు.
ఒకే బడిలో చదివినట్టు ఈదాయి ఆరూ.
పుర్రెకో బుద్ధి అందామంటే
వీటికి పుర్రె ఏది?
'తేడా లేదు' అని నోటుబుక్కులో రాసి
నేను భోజనానికి వెళ్ళిపోయాను.

మర్నాడు డాక్టర్ ఇమాయి
సూక్ష్మదర్శిని మీదికి వంగింది.
టీ కప్పు పట్టుకుంటే వణికే చెయ్యి
కత్తెర పట్టుకుంటే వణకదు.
మినపగింజంత మెదడు,
గసగసాల్లా లెక్కపెట్టగలిగే కణాలు,
కుడినీ ఎడమనీ కలిపే ఒక్క సన్నని పోగు.
తెంపింది. ఆరింటికీ అదే పోగు, అదే చోట.

మళ్ళీ ఉప్పునీరు.
ఒకటి ఏమీ ఎరగనట్టే ఈదేసింది.
ఒకటి మొదటి వంపు దగ్గరే ఆగి
ఏం చెప్పబోయిందో మర్చిపోయినట్టు
మెల్లగా అడుగుకి జారింది.
మిగతావి ఆ రెంటి మధ్యా ఎక్కడెక్కడో.

కత్తెర తెచ్చిన తేడా కాదట అది.
ఎప్పట్నుంచో లోపలే ఉందట:
దీనికి రాజబాట అయిన పోగు
దానికి పెరటి సందు.
ఈత మాత్రం ఒకటే, నిన్నటిదాకా.

తలుపు దగ్గర ఆస్ట్రిడ్
చేతి తొడుగులు పిండుతూ వింటోంది.
"నేనూ లైలూ," అంది,
"అదే లోతు, అదే సిలిండర్ల గాలి,
పైకొచ్చింది అదే నిమిషంలో.
వాడు ఆ సాయంత్రం సంగీతం పెట్టుకుని గంతులేశాడు."
మిగిలిన సగం చెప్పలేదు.
తొట్టి మీదికి వంగి, అడుగున ఉన్నదాన్ని
చాలాసేపు చూసింది.
"దీనికి తిండి మర్చిపోకండి."

తర్వాత వెళ్ళిపోయింది.
నేను నోటుబుక్కు తెరిచి
'లేదు' కొట్టేసి 'కనబడలేదు' అని దిద్దుతుంటే
తడి బల్లల మీద ఆమె నడక వినిపిస్తోంది,
ఒక అడుగు బరువుగా, ఒకటి ఈడుస్తూ,
ఎక్కడా తాళం తప్పకుండా,
పడవ దాకా.