ఫుట్ వాల్వు

కుందుర్పి బడికాడ బోరింగులో
ఏడో రాడ్డు పైకి లాగుతాంటే
ఊపిరి ఆడ్నే నిలబడిపాయ.
పానా చేతిలో పట్టుకోనే
సిమెంటు కట్టమీద కూలబడితి.
పిల్లోళ్లు బిందెలు పెట్టుకోని సూస్తాండారు,
నీళ్లు ఎప్పుడొస్తాయని,
నాకేమాయనని కాదు.
తప్పు లేదు. ఎండ అట్లుంది.

ఆ నెలంతా పండుకుంటే దగ్గు,
లేసి కూసుంటే నెమ్మది.
రెండు దిండ్లు మూడాయ,
మూడు దిండ్లు పోయి గోడ ఆయ.
వన్నూరమ్మ నా కాలు నొక్కి సూసింది.
వేలు పడినకాడ గుంట
తడిమన్నులో మాదిరి అట్లే ఉండాది.

అనంతపురం పెద్దాసుపత్రిలో
ఎదమీద సల్లటి జిగట పూసి
బొమ్మ సూపించినాడు డాక్టరు,
మీసాలు ఇంకా సరిగ రాని పిల్లోడు.
నల్లటి తెరమీద తెల్లటి రెక్కలు రెండు,
సగమే తెరుచుకుంటాండాయి,
సరిగ మూసుకోకుండాండాయి.
"పైకి పోవాల్సిన రక్తం..." అంటాండంగనే
"కారుతాంది సార్, ఫుట్ వాల్వు పోయింది" అంటి.
"నాలుగు దెబ్బలు కొడితే ఒక దెబ్బ నీళ్లు."
ఆయప్ప నవ్వలే. పెన్ను నిలిపి
"చిన్నప్పుడు కీళ్లు వాచినాయా?" అనె.

వాచినాయి.
మూడో తరగతిలో. గొంతు నొప్పి, జొరం,
ఈ మోకాలు తగ్గితే ఆ మోకాలు.
అమ్మ ఉమ్మెత్తాకు వెచ్చజేసి కట్టింది,
దర్గాలో తాయెత్తు ఏపిచ్చింది, తగ్గిపాయ.
తగ్గలేదంట.
ముప్పై ఏండ్లు లోపల్నే కూసోని
తోలు వాషరు కొరికినట్ల కొరుకుతానే ఉండాదంట.
అమ్మకు ఈ మాట చెప్పలే.
ఎట్ల చెప్తాం.

కర్నూల్లో ఆపరేషన్. కార్డుమీదనే చేస్తామనిరి.
నేనడిగింది ఒకటే:
"నిలిపి చేస్తారా, నడస్తాంటే చేస్తారా?"
నిలిపే చేస్తారంట.
అంతసేపూ నా బదులు పక్కన యంత్రం కొట్టుకుంటాదంట.
నేను ఇప్పిన బోరింగుల్లో
దేనికి దొరికింది అట్లాంటి బదులు?
బిగించేదాకా ఊరు ఎండాల్సిందే.

నెత్తురు నాలుగు సీసాలు కావాలనిరి.
మూడు దొరికె.
నాలుగోది ఇచ్చినోడు బోరు లారీ హెల్పరు,
తిరుచెంగోడు పిల్లోడు, పేరు సెల్వమంట.
ఆ లారీలు వెయ్యి అడుగులు తొలిచినాకనే
నా బోరింగులు సగం ఎండింది.
పాత బోరింగుకు పైన చెంబెడు నీళ్లు పోసి కొడితేనే
కింద నీళ్లు ఎక్కేది.
ఆ చెంబు వాడు పోసినాడు.
ఏం జెప్పాల వానికి?
వన్నూరమ్మ టీ తాపిచ్చింది.

ఇప్పుడు నా లోపల ఇనుము.
ఇనుము కాదు, ఏందో బొగ్గు బిళ్లంట.
ఊరు సద్దుమణిగినాక టిక్కుటిక్కుమంటాది.
పాప ఎదకు చెవి ఆనిచ్చి
"నాయనా, లోపల ఎవురో గడె ఏస్తాండారు,
మళ్లా తీస్తాండారు" అంటాది.
మొదటి నెల ఆ సప్పుడుకి నిద్ర రాలే.
ఇప్పుడు అది వినపడకపోతే
లేసి కూసుంటా.

రక్తం పల్చగుండేకి మాత్ర, రోజూ సందకాడ.
నెలనెలా కళ్యాణదుర్గం ల్యాబులో సూది.
పోయిన నెల ఒకటిన్నర, చిక్కబడిందని తిట్టిరి.
పెండ్లిలో ఆకుపప్పు మూడుసార్లు ఏపిచ్చుకుంటి, నిజమే.
ఈ నెల రెండు పాయింట్ ఎనిమిది.
గడ్డం గీసుకునేటప్పుడు తెగితే పావుగంట కారుతాది.
పన్ను పీకాలన్నా చీటీ సూపించాల.
రాడ్లు మాత్రం ముట్టొద్దనిరి.

నిన్న మళ్లా కుందుర్పి బడి నుంచి కబురు.
రాడ్లు వన్నూరమ్మ లాగింది,
కొంగు నడుముకి బిగించి,
పానా మొదట తిరగబడి పట్టి.
నేను పైపుకు చెవి ఆనిచ్చి
"ఇంగొకటి, ఇంగొకటి" అంటాంటి.
ఏడో రాడ్డుకాడ ఆమెకు ఎగపోత.
నాకు భయమాయ. "నిలుపు" అంటి.
"నాకేం వాల్వు పోలే, నువ్వు లెక్కబెట్టు" అనె.

వాషరు మార్చి కొడితే
ముప్పై రెండో దెబ్బకు నీళ్లు,
ఎర్రగా, తుప్పు తుప్పుగా.
పిల్లోళ్లు మోరీలోకి వొంచబోతాంటే అరిస్తి:
"పారబోయొద్దురా,
ఆ కానుగ మొక్కకు పోయండి."