మొదటి పేజీ

బస్టాండు ఎదర, టైర్ల షాపు మేడ మీద
రెండు కుర్చీలు, ఒక ఇన్వర్టరు, నేను.
పర్లాకిమిడిలో వెబ్‌సైట్లు చేస్తానని
బోర్డు మీద మూడు భాషల్లో రాయించాను.
సొంత సైటులో మాత్రం ఒక్కటే, అదీ ఇంగ్లీషు.

ఏడాదిగా ఫోను మోగితే
రీచార్జి కంపెనీ.

మొన్న జీడిపప్పు బట్టీ సింహాద్రమ్మ వచ్చింది,
మెట్లెక్కిన ఆయాసంతో, వేళ్ళకి జీడి మరకలతో.
తెర మీద చేతులు కలుపుకుంటున్న కోటువాళ్ళని చూసి
"ఈలెవులు బావూ, మీ సుట్టాలా?" అంది.
కాదన్నాను.
"మరెందుకెట్టినావు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర పేజీ లేదు.

రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నాను.
ముందు కోటువాళ్ళని పంపేశాను,
వాళ్ళ వెనకే అద్దాల మేడని,
మేడ మీది 'ప్రపంచ స్థాయి పరిష్కారాల'ని.
గిర్రున తిరిగే భూగోళం ఒకటుండేది.
అది ఒక చుట్టు తిరిగేలోగా
గుమ్మా కొండ మీద సిగ్నలు వెతుక్కునేవాడు
విసిగి ఫోను జేబులో పెట్టేసుకుంటాడు.
దాన్నీ తీసేశాను.
భూమి ఆగిపోయింది. ఏమీ కాలేదు.

చేసిన పని చూపించాలి. ఏం చేశాను?
కొమ్ము దువ్వెనల బిసోయి గారి సైటు,
పళ్ళ సందుల్లోంచి వెలుతురు రావాలని
నాలుగు పూటలు ఫోటోలు తీశాను.
ఒక ట్యూషను. ఒక టెంటు హౌసు.
ఇప్పటికీ డబ్బులివ్వని కల్యాణమండపం,
అదీ పెట్టాను. పని పనే కదా.

తెలుగూ ఒడియా పక్కపక్కన పేరిస్తే
ఒక పెట్టెలో ఇమడవు.
ఒడియాకి నెత్తిన గొడుగు, తెలుగుకి తలకట్టు,
మన వత్తులేమో కింది వరస నెత్తి తొక్కుతాయి.
ఎడం పెంచుతూ పోయాను,
మా వీధిలో అరుగుకీ అరుగుకీ ఉన్నంత.

ధర దగ్గర చెయ్యి ఆడలేదు.
ఎనిమిది వేలని కొట్టి, చెరిపి,
ఆరని కొట్టి, సిగ్గేసి,
మళ్ళీ ఎనిమిది.

నా నంబరు అట్టడుగున, బూడిద రంగులో,
చీమ తలకాయంత,
అప్పులవాళ్ళకి దాక్కున్నట్టుండేది.
చెయ్యి పట్టుకుని పైకి తెచ్చి కూర్చోబెట్టాను.

పొద్దున్న గుణుపురం బండి కూసే వేళకి
ఫోను మోగింది.
"పాస్‌పోర్టు ఫోటోలు తీస్తారా?"
తియ్యనన్నాను.
"మరేటి సేస్తారు?"
రాత్రి రాసుకున్న వాక్యమే చదివాను:
మీ షాపు మూసున్న వేళ
మీ సరుకు చూపించే పని.

కాసేపు అవతల సైకిల్ బెల్లులు.
"మాది కాశీనగరం," అన్నాడు,
"ఇనప సామాను."