పట్టు, విడుపు

ఇయాంటో నిలువునా తడిసి
కొట్టు గుమ్మంలో నిలబడి అడిగాడు:
"మెరెరిడ్, మంచి టైరు ఏది?"

బయట వాన. వేల్స్‌లో మా మూలన అది వార్త కాదు.
పలకరాతి గని మూతపడి యాభై ఏళ్ళు,
కొండ ఇంకా నల్లటి పెచ్చులు రాలుస్తూనే ఉంది,
మా సైకిలు దారులన్నీ ఆ పెచ్చుల మీదే.

ఆ ప్రశ్నకి నేను నోటితో జవాబు చెప్పను.
గోడ చూపిస్తాను.
ముప్ఫై మేకులు, ముప్ఫై టైర్లు.

అదిగో, పక్కలు తేనెరంగులో ఉన్నది
తొంభై ఆరులో కొన్నాను,
బేకరీలో మూడు వారాల జీతం పోసి.
సన్నం, తేలిక, కాస్త పొగరు.
ఎండిన మట్టి మీద లేడిపిల్లే.
తడి వేరు కనిపిస్తే మాత్రం
నన్నెప్పుడూ ఎరగనట్టు పక్కకి తిరిగిపోయేది.
ఈ మోచేతి మీద మచ్చ దాని సంతకం.

ఆ పక్కది ఎర్ర రబ్బరు.
ఎరుపుకి పట్టెక్కువని ఆ రోజుల్లో అందరం నమ్మాం.
ఎందుకు నమ్మామో అడక్కు.

ఇది బురద టైరు. పళ్ళ మధ్య సందులు చూడు,
పాలపళ్ళు ఊడిన పిల్లాడి నవ్వులా.
నవంబరు నెలలో దీన్ని మించింది లేదు,
మట్టిని పట్టుకునేది, రెండు చుట్లు తిరిగేసరికి విదిలించేది,
పట్టూ విడుపూ రెండూ తెలిసింది.
రాతి మీదికి తెస్తేనే గొడవ:
ఒక్కో పన్నూ ఒక్కో దిక్కుకి వంగి
ఎవరి దారి వారిదే అనేది.

ఆ నున్నటిది ఇద్వల్ ఇచ్చాడు.
డెబ్భై రెండేళ్ళు, ఇంకా ఇరవై ఆరంగుళాల చక్రమే.
టైరుకీ ఆయనకీ ఒకేసారి బట్టతల వచ్చింది.
అయినా గని వెనక దిగుడులో మమ్మల్నందర్నీ దాటిపోతాడు.
"ఇందులో పట్టేముంది ఇద్వల్?" అన్నానొకసారి.
"ఏమీ లేదు. అందుకే చూసుకుని పోతాను" అన్నాడు.

ఇప్పటివా? ఇదిగో, రెండున్నర అంగుళాల వెడల్పు.
గోరు గుచ్చి చూడు, గుంట ఎంత నింపాదిగా పూడుతుందో.
ఈ మెత్తదనమే తడి రాయిని పట్టేది.
బరువు. ఎక్కేటప్పుడు తిట్టుకుంటావు,
దిగేటప్పుడు తిట్లన్నీ వెనక్కి తీసుకుంటావు.
లోపల ట్యూబు లేదు, తెల్లటి పాలు.
ముల్లు దిగితే ఆ పాలే గడ్డకట్టి తలుపేస్తాయి.
దీన్ని ముందుకి పెట్టు. వెనక్కి గట్టిది, చవకది చాలు:
వెనకది జారితే నవ్వుతావు,
ముందుది జారితే నేల నవ్వుతుంది.

వాడు జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టాడు.
సగం టైరుకి సరిపోతాయి.
మళ్ళీ లెక్కపెట్టాడు. సగమే.

వాడి సైకిలు లోపలికి లాగి
బొటనవేలితో టైరు నొక్కాను. బండరాయి.
వాల్వు తిప్పాను. బుస్సుమంది.
ఇంకొంచెం. ఇంకొంచెం.
"టైరు చెడ్డది కాదురా, గాలి ఎక్కువైంది.
నీ వయసులో నాకూ అంతే. వెళ్ళి తిరిగి రా."

చీకటి పడే వేళకి సైకిలు భుజాన మోసుకుంటూ వచ్చాడు.
వెనక టైరు పక్కన పలకరాయి కోసిన గాటు,
నాలుగు వేళ్ళ పొడుగు.
ముఖం నిండా బురద, బురద మధ్యలో పళ్ళు.
"పట్టింది మెరెరిడ్! ఆ ఎడమ మలుపులో పట్టింది!"

అమ్మ కంబళ్ళు కుట్టిన సూది తీశాను.
పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం, పిప్పరమెంటు వాసన.
పదకొండు కుట్లు.
వాడు దీపం పట్టుకున్నాడు, చెయ్యి వణుకుతోంది,
చలికో, ఆ మలుపు ఇంకా ఒంట్లోనే ఉండో.

వాడు వెళ్ళాక
ముప్ఫై ఒకటో మేకుకి గోడ మీద చోటు చూశాను.
సుత్తి తీయలేదు.
చప్పుడు వినిపిస్తోంది, వీధి చివర దాకా,
తడి రోడ్డు మీద
కుట్టు తగిలినప్పుడల్లా
చిన్నగా, టిక్, టిక్.