రెండో జడ

పెరంబూరులో మా మెట్ల కింద
ఒక స్కూటీ పట్టే చోట
మూడొందల యాభై సీసీల బండిని ఇరికించుకున్నాను.
పైకి తాతల కాలంది:
గుండ్రటి దీపం, చెంబు లాంటి ట్యాంకు,
దాని నడుముకు చేత్తో గీసిన బంగారు గీత.
లోపల నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల.
తీగలు, సెన్సర్లు,
అలిగితే మాట చెప్పదు, పసుపు దీపం వెలిగిస్తుంది.

కింది వాటా ఏకాంబరం గారు
కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరు.
రివెట్ల మోతలో చెవులు అక్కడే వదిలేసి
పెన్షన్ మాత్రం తెచ్చుకున్నారు.
కాఫీ గ్లాసుతో మెట్ల దగ్గర కూర్చుని
నేను విప్పేవన్నీ చూస్తుంటారు.
ఒక్కోసారి గొంతు సవరించుకుంటారు,
అంటే నేను తప్పు వైపు తిప్పుతున్నానని.

శనివారాలు పుదుపేట.
గౌస్ భాయ్ కొట్లో బోల్టులు తూకానికి,
ఏ బండ్ల నుంచి ఊడొచ్చాయో, అద్దాలు గుత్తులుగా వేలాడుతూ
ఒక్కోదాంట్లో నా మొహం ఒక్కో ముక్క.
"కొత్త బండిని పాతగా చెయ్యాలా, పాతదాన్ని కొత్తగానా?"
అడిగాడు. నాకూ సరిగ్గా తెలీదు.
గ్యాసు నింపిన షాకబ్జర్లు, బెల్లం రంగు తోలు సీటు,
హ్యాండిలు చివర తగిలించుకునే బుల్లి అద్దాలు.
జీతంలో సగం ఒక్క గోనెసంచిలో పట్టింది.

వెనక మడ్‌గార్డు నేనే కోశాను.
ఆదివారం మధ్యాహ్నం, డాబా మీద,
అద్దెకు తెచ్చిన గ్రైండరుతో.
నిప్పురవ్వలు ఎండలో కనపడలేదు,
చేతికి తగిలాకే తెలిశాయి.
బండి నడుం సన్నబడింది. నాకు నేనే మురిసిపోయాను.
కార్తీకంలో మొదటి వాన పడ్డ రోజు
ఆఫీసులో లిఫ్టు దిగేసరికి
తెల్ల కుర్తీ వీపున, జడ పక్కనే ఇంకో జడ,
నడుం నుంచి మెడ దాకా బురదతో అల్లినది.
ఎవరూ చెప్పలేదు. అందరూ చదివారు.

ఆ తర్వాత సైలెన్సరు.
కంపెనీది విప్పేసి పొట్టి గొట్టం బిగించి
బటన్ నొక్కితే
వీధంతా లేచి కూర్చుంది.
పై వాటా వసంతి పసివాడు గుక్కపట్టాడు.
ఇస్త్రీ బండి ముసలాయన వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయాడు,
ఎవరి చొక్కానో కమురు వాసన.
నాకు మాత్రం
గుండె కింద ఎవరో డప్పు వాయిస్తున్నంత హాయి.

ఏకాంబరం గారు లేచొచ్చారు
మూరెడు స్క్రూడ్రైవరు పట్టుకుని.
మొన ఇంజను మీద, పిడి చెవి వెనక ఎముక మీద.
కళ్లు మూసుకున్నారు.
చాలాసేపు, ఎవరో దూరపు చుట్టం క్షేమ సమాచారం వింటున్నట్టు.
"ఎడమ పక్క, కింద, ఏదో వదులుగా ఉంది.
ఎప్పట్నుంచో చెప్తోంది.
నువ్వు దాని మీద అరుస్తున్నావు."

ఇంజన్ని ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టు.
వేలితో పెట్టింది నేనే, బిగించడం మర్చిపోయిందీ నేనే.
ఆయన రెంచి వేసి
మణికట్టుతో ఒక తిప్పు, ఇంకో చిన్న తిప్పు, ఆపేశారు.
ఆయన లోపలికి వెళ్లాక
నాలుగు వేలు పోసి కొన్న టార్క్ రెంచి తెచ్చి పరీక్షించాను.
బోల్టు కదల్లేదు, రెంచి టక్కుమంది.
సిగ్గేసి చప్పున సంచిలో పెట్టేశాను.

ఆ రాత్రే పాత సైలెన్సరు మంచం కింది నుంచి బయటికొచ్చింది.
పొట్టి గొట్టం గౌస్ భాయ్‌కే, సగం ధరకి.
కోసిన రేకు మాత్రం కోసిందే.

తెల్లవారుజాము నాలుగున్నర, సన్నటి జల్లు.
పెరంబూరు వంతెన ఎక్కుతుంటే
కింద మొదటి లోకల్ తన దీపాలన్నీ ఈడ్చుకుంటూ పోతోంది.
హెల్మెట్‌లో నా ఊపిరి, దాని అడుగున
ఇంజను, తన మామూలు గొంతుతో.
చెయిను ఇంకాస్త బిగించాలేమో.
వీపు మీద చల్లగా
ఎవరో జడ వేయడం మొదలుపెట్టారు.